తెలిసి కూడా చెప్పనోళ్లం

మా రూమ్‌లో ఆరుగురం ఉంటాం. పోయిన వారం డ్యూటీ నుంచి వచ్చి, వంట అయినంక ఫోన్ గోడకు ఆనిచ్చి 'అవుట్ ఆఫ్ లవ్' అనే హిందీ సీరియల్ చూసినం. 2019లో హాట్‌స్టార్‌లో వచ్చింది. మొదటి సీజన్ ఐదే ఎపిసోడ్లు, రోజుకొకటి చూసినం. రసికా దుగల్ డాక్టరు, పూరబ్ కోహ్లీ ఆమె భర్త. కూనూర్ కొండల్లో మంచి ఇల్లు, ఒక కొడుకు, ఏ లోటూ లేదు. ఒకరోజు భర్త మఫ్లర్ మీద ఆమెకు ఒక వెంట్రుక దొరుకుతుంది. అది ఆమెది కాదు. కథంతా అక్కడి నుంచే.

2015లో బీబీసీలో వచ్చిన 'డాక్టర్ ఫోస్టర్'కు ఇది హిందీ రూపం. ఆ ఇంగ్లీషు దాంట్లో భర్త ఇళ్లు కట్టించి అమ్మే వ్యాపారి. పైకి దర్జా, లోపల అప్పులు. ఇల్లు తాకట్టులో ఉన్న సంగతి కూడా భార్యకు తెలియదు.

మొదట మేము నవ్వుకున్నాం. "ఒక్క ఇంట్ల ఉండి కొట్లాడుకుంటున్నరు. మనకు రెండేండ్లకోసారి పోతే కొట్లాడే టైమే దొరకదు" అన్నాడు ఒక తమ్ముడు. కానీ భర్త సంగతి స్నేహితులందరికీ ముందే తెలుసని ఆ డాక్టరమ్మకు తెలిసే చోట మాకెవరికీ నవ్వు రాలేదు. ఎందుకంటే మేము కూడా ఆ స్నేహితులమే.

మా రూమ్‌లోనే ఒక తమ్ముడు ఇక్కడి బ్యాంకులో లోన్ తీసి దోస్తుకు ఇచ్చిండు. ఆ దోస్తు ఊరికి పోయి మళ్లీ రాలేదు. ఇప్పుడు జీతంలో సగం కిస్తీకే పోతుంది. ఇంట్లో మాత్రం కంపెనీ జీతం ఇస్తలేదని చెప్పిండు. ఆయన భార్య మాకు ఫోన్ చేసి "నిజమేనా అన్నా?" అని అడిగితే, "అవును చెల్లె, కంపెనీ తిప్పలల్ల ఉంది" అన్నాం. ఒక్కసారి కాదు, నాలుగు నెలలు. ఆమె పిల్లల ఫీజుకు గాజులు కుదువబెట్టింది.

సైట్‌లో షట్టరింగ్ విప్పినంక కాలమ్‌లో హనీకోంబ్ కనబడితే, పైపైన సిమెంట్ పూసి కప్పొద్దని పోరగాళ్లను రోజూ తిడతాం. లూజుగా ఉన్నదంతా కొట్టేసి, కడిగి, గ్రౌట్ నింపాలె. రూమ్‌కు వచ్చి మేము చేసింది మాత్రం ఆ పైపూతే.

ఆ రాత్రి తమ్మునికి చెప్పినం: "ఇంకోసారి ఫోన్ వస్తే మేము అబద్ధం చెప్పం. నువ్వే చెప్పు." ఆయన ఫోన్ పట్టుకొని మెట్ల మీదికి పోయిండు. గంట దాటినంక వచ్చిండు. అన్నం తినలేదు.

తెల్లారి ఆమె మాకు ఫోన్ చేసింది. "అప్పు చేసినందుకు ఆయన మీద కోపం లేదన్నా. మీరు గూడ నాకు అబద్ధం చెప్పిన్రా?" అని పెట్టేసింది. మా ఆరుగురిలో ఒక్కరికీ నోరు పెగల్లేదు.

తమ్ముడు ఒప్పుకుంటేనే ఇది రాస్తున్నాం. రూముల్లో ఉండే అన్నలు, తమ్ముళ్లు, దోస్తును కాపాడుతున్నమని మనం చెప్పే మాటను ఊర్లో ఒక ఆడబిడ్డ నిజమని నమ్మి బతుకుతుంటది. జర యాది పెట్టుకోండి. ఉంటాం.