ఓడ రాని మహానగరం

డాలస్‌లో ట్రినిటీ నది వంతెన మీద నిలబడి కిందికి చూశాను. రెండు కరకట్టల మధ్య వెడల్పాటి గడ్డి మైదానం, దాని నడుమ సన్నటి బురదనీటి పాయ. డాలస్, ఫోర్ట్ వర్త్, చుట్టుపక్కల ఊళ్ళు కలిసి 2020 జనాభా లెక్కల్లో 76 లక్షలు దాటిన మహానగరానికి ఉన్న నది ఇదే. సముద్రం నాలుగు వందల కిలోమీటర్లకు పైనే. 1867లో గాల్వెస్టన్ రేవు నుంచి బయలుదేరిన ఒక పొగపడవ ఇక్కడికి చేరేసరికి 1868 వచ్చింది. ఏడాది పైగా పట్టింది!

నీటిదారి కలిసిరాని ఊరు పట్టాలను నమ్ముకుంది. 1872లో హ్యూస్టన్ వైపు నుంచి మొదటి రైలు వచ్చింది. తూర్పు పడమరల లైను మాత్రం డాలస్‌కు దక్షిణంగా పోవాల్సింది. ఆ లైను బ్రౌడర్ ఊటకు మైలు లోపునుంచే వెళ్ళాలని రాష్ట్ర శాసనసభలో డాలస్ పెద్దలు బిల్లులో ఒక ముక్క చేర్పించారు. ఆ ఊట ఎక్కడుందో మిగతా సభ్యులు ఆరా తీయలేదు. అది డాలస్‌ను ఆనుకునే ఉంది. 1873లో రెండో రైలూ వచ్చేసింది.

ఇక నేల సంగతి. ఆదోని దగ్గర పుట్టిన నాకు ఇక్కడి మట్టి చూడగానే ప్రాణం లేచొచ్చింది. అచ్చం మన నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలు వారుతుంది. ఈ మట్టిలో పండిన పత్తి, ఆ పత్తిని మోసిన రైళ్ళు కలిసి డాలస్‌ను పెద్ద పత్తి బజారును చేశాయి. జిన్నింగ్ యంత్రాల ఫ్యాక్టరీలు వెలిశాయి. ఇప్పుడా మట్టి మీద ఇళ్ళు పండుతున్నాయి. డాలస్‌కు ఉత్తరాన అలెన్ అనే ఊళ్ళో ఉండే మా మేనల్లుడు వేసవిలో ఇంటి చుట్టూ చిల్లుల గొట్టం పరిచి పునాదికి నీళ్ళు పెడతాడు. "మట్టి ఎండిపోతే గోడలు చీలతాయి మామయ్యా" అన్నాడు. పునాదికి నీరు పెట్టడం నేనెక్కడా చూడలేదు.

వాడు కారులో తిప్పుతానన్నా వినకుండా నగరం నడిబొడ్డున రెడ్ లైన్ రైలెక్కాను. సొరంగంలో ఉన్న సిటీప్లేస్ స్టేషన్‌లో దిగి, కాస్త దక్షిణంగా నడిస్తే ఫ్రీడ్‌మన్స్ శ్మశానం వస్తుంది. బానిసత్వం నుంచి విడుదలైన నల్లజాతివాళ్ళు 1869లో తమవాళ్ళ కోసం ఏర్పరచుకున్న స్థలం. 1872 నాటి రైలుదారి వెంబడే 1940లలో సెంట్రల్ ఎక్స్‌ప్రెస్‌వే వేశారు. అప్పుడు ఈ శ్మశానంలో కొంత భాగం మీదుగానే రోడ్డు పోశారు. 1990లలో ఆ రోడ్డును వెడల్పు చేయబోతే సమాధులు బయటపడ్డాయి. 1,100కు పైగా అస్థికలను తవ్వితీసి, పక్కనే మళ్ళీ ఖననం చేశారు. 1999లో స్మారకం వెలిసింది. కంచు విగ్రహాల ముందు చాలాసేపు నిలబడ్డాను. గోడ అవతల ఎడతెగని కార్ల హోరు. ఈ నగరం ఎదుగుదల గురించి రాసేవాళ్ళు మొదట రావాల్సింది ఇక్కడికేనని నా గట్టి నమ్మకం.

మళ్ళీ రైలు. సొరంగం దాటగానే ఆ ఎక్స్‌ప్రెస్‌వే పక్కనే పరుగు. ఐదంతస్తుల హై ఫైవ్ కూడలి దగ్గర టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ ప్రాంగణం ఉంది. 1958 వేసవిలో అందరూ సెలవుల్లో ఉంటే, కొత్తగా చేరి సెలవు దొరకని జాక్ కిల్బీ ఒంటరిగా కూర్చుని ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్ ఆలోచనకు రూపం ఇచ్చింది ఈ కంపెనీలోనే. 2000లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఆ తర్వాత రిచర్డ్‌సన్ టెలికాం కంపెనీలు, ఆపైన ప్లేనో. టయోటా ఉత్తర అమెరికా కార్యాలయం కాలిఫోర్నియా వదిలి 2017లో ఇక్కడికే వచ్చింది. టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు, ఇంటి పన్ను మాత్రం గట్టిగానే వేస్తారు. పశ్చిమాన, దశాబ్దాలు పోట్లాడుకున్న డాలస్, ఫోర్ట్ వర్త్‌లు కేంద్ర ప్రభుత్వ ఒత్తిడితో రాజీపడి కట్టుకున్న విమానాశ్రయం 1974లో తెరుచుకుంది. విస్తీర్ణంలో మాన్‌హాటన్ దీవికంటే పెద్దది. ఓడ రాని ఊరికి అదే రేవు.

ప్లేనో పార్కర్ రోడ్ దగ్గర రైలు ఆగిపోయింది. మేనల్లుడు కారుతో సిద్ధంగా ఉన్నాడు.

"మీ ఊరికి రైలెందుకు రాదురా?"

"రైలు కావాలంటే అమ్మకం పన్నులో డాలరుకు ఒక సెంటు దానికివ్వాలి మామయ్యా. మా ఊరు ఆ సెంటును కంపెనీలను రప్పించడానికీ పార్కులకీ వాడుకుంటుంది."

ఫ్రిస్కోదీ అదే దారి. 1990లో ఆరువేల జనంతో ఉన్న ఆ ఊరు 2020కి రెండు లక్షలు దాటింది. ఉద్యోగాలు ఉత్తరానికి పోతున్నాయి. కారు లేని పేదలు ఎక్కువగా ఉన్నది ట్రినిటీకి దక్షిణాన. వాళ్ళు ఈ ఉద్యోగాలకు ఎలా రావాలి? పట్టాల పుణ్యమా అని ఎదిగిన నగరం పట్టాలను సగం దారిలో ఆపేయడం అన్యాయం. ఫ్రిస్కోలో, అలెన్‌లో ఇప్పుడు మన తెలుగువాళ్ళు వేలల్లో ఉన్నారు. ఓటు హక్కు వచ్చినవాళ్ళు ఈసారి నగర ఎన్నికల్లో అభ్యర్థి ఎదురుపడితే రైలు సంగతి అడగండి.