నిండుకున్న బ్యాటరీ

“ఒకసారి చార్జింగు పెడితే ఎంత దూరం పోతుందండీ?”

ఈ మధ్య మా ఇంటికి వచ్చేవాళ్లంతా చేతిలో కాఫీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా ముందు ఈ ప్రశ్నే వేస్తున్నారు. మేం కరెంటు కారు కొని రెండేళ్లు దాటింది. అంతకుముందు పెట్రోలు బండి పన్నెండేళ్లుంది మా ఇంట్లో. ట్యాంకు నింపితే ఎంత దూరం పోతుందని ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు. దీనికి మాత్రం పెళ్లికొడుకు జీతం ఆరా తీసినట్టు తీస్తారు.

అడగడం ఆలస్యం, మా వారు “నాలుగు వందల ముప్ఫై!” అంటారు ఛాతీ విరిచి. నేను వంటింట్లోంచే “రెండు వందల ఇరవై” అంటాను. వచ్చినవాళ్లు మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తారు. వీళ్లకి రెండు కార్లున్నాయేమో అనుకుంటారో, వీళ్లిద్దరికీ మాటల్లేవేమో అనుకుంటారో మరి.

నిజానికి మాలో ఎవరమూ అబద్ధం చెప్పడం లేదు. ఆయన చెప్పేది జీతం. నేను చెప్పేది చేతికొచ్చేది. పెళ్లిచూపుల్లో చెప్పే జీతం వేరు, పి.ఎఫ్., ఇన్‌కంటాక్సు, ఇంటి అప్పు వాయిదా పోగా ఒకటో తారీఖున ఇంటికి చేరేది వేరు. ముప్ఫై ఏళ్లుగా చేతికొచ్చిన దాంతోనే ఇల్లు నడుపుతున్న దాన్ని, నాకు రెండో అంకె మీదే గురి.

ఆ 430 ఎక్కడిదో చెబుతాను. మన దేశంలో కారు బజారులోకి రాకముందు పుణెలో ఉన్న ఏ.ఆర్.ఏ.ఐ. లాంటి సంస్థలో పరీక్ష పెడతారు. రోడ్డు మీద కాదు, గదిలో. చక్రాల కింద రోలర్లు తిరుగుతుంటాయి. కారు ఉన్నచోటే ఉండి పరిగెడుతూ ఉంటుంది, అత్తవారింట్లో కొత్త కోడలిలాగా. పరీక్ష మొత్తం మీద సగటు వేగం గంటకి ముప్ఫై చిల్లర కిలోమీటర్లు. ఎంత తొందరగా పోయినా తొంభై దాటదు. ఎ.సి. వెయ్యరు. ఎదురుగాలి ఉండదు. డిక్కీలో ఆవకాయ జాడీలుండవు. వెనక సీట్లో మా అత్తయ్యగారుండరు.

అమెరికా వాళ్లు కాస్త గడుసువాళ్లు. గదిలో వచ్చిన అంకెని సాధారణంగా 0.7తో హెచ్చవేసి, ఆ తగ్గిన అంకెనే కారు అద్దం మీద అంటిస్తారు. అంటే నూటికి ముప్ఫై వాళ్లే ముందు కోసేస్తారన్నమాట. మన దగ్గర కూడా కాస్త మార్పు వచ్చింది. 2024లో టాటా వాళ్ల కర్వ్ వచ్చినప్పుడు, పెద్ద బ్యాటరీ రకానికి పరీక్షలో 585 కిలోమీటర్లు వచ్చిందనీ, మామూలుగా నడిపేవాళ్లకి 400 నుంచి 425 దాకా వస్తుందనీ కంపెనీయే చెప్పింది. జీతంతో పాటు కోతలూ చెప్పిన పెళ్లికొడుకన్నమాట! (కోతలంటే గొప్పలు కావు, జీతంలో కోతలే.) నాకు ముచ్చటేసింది.

కార్ల షాపులో ‘కిలోవాట్ అవర్’ అని పెద్ద మాట వాడి భయపెడతారు గానీ, అదేమీ బ్రహ్మవిద్య కాదు. మన మీటరు మీద తిరిగే యూనిట్టే. మా కారు బ్యాటరీలో పట్టేది 40 యూనిట్లు. పరీక్ష ప్రకారం యూనిట్టుకి పదకొండు కిలోమీటర్లకి కాస్త తక్కువ రావాలి. పాల లెక్క, చాకలి పద్దు రాసే పుస్తకంలోనే వెనక నాలుగు పేజీలు వదిలి నేను కారు పద్దు కూడా రాస్తున్నాను. అందులో ఇలా తేలింది: ఊళ్లో తిరిగితే ఎ.సి. వేసుకున్నా ఏడున్నర, ఎనిమిది. హైవే మీద తొంభైలో పోతే ఆరున్నర. మా వారికి హుషారు పుట్టి వంద తొక్కితే అయిదున్నర.

చూశారా తమాషా? పెట్రోలు బండి ఊళ్లో ఎక్కువ తాగి హైవే మీద పొదుపు చేసేది. ఇది తలకిందులు. ఇందులో బ్రేకు వేసినప్పుడల్లా మోటారే డైనమోలా తిరిగి కొంత కరెంటు వెనక్కి బ్యాటరీలో పోస్తుంది. కూరగాయల వాడు చిల్లర తిరిగిచ్చినట్టు. అమీర్‌పేట ట్రాఫిక్‌లో అడుగడుక్కీ చిల్లరే. హైవే మీద బ్రేకు తొక్కేదెప్పుడు, చిల్లర వచ్చేదెప్పుడు? పైగా గాలి. వేగం రెట్టింపైతే గాలి అడ్డు నాలుగింతలవుతుంది. స్కూటరు మీద వెనక కూర్చుని పమిట పట్టుకున్న వాళ్లెవరికైనా ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు.

2024 మేలో మా ఆడపడుచు మనవడి అన్నప్రాసనకి విజయవాడ బయల్దేరాం. హైదరాబాదు నుంచి 275 కిలోమీటర్లు. తెర మీద 310 అని ఉంది. “ఇంకా ముప్ఫై అయిదు మిగుల్తాయి, దుర్గమ్మ గుడికి కూడా పోయి రావచ్చు” అన్నారు మా వారు. ఆ తెర జ్యోతిష్కుడి లాంటిది. గడిచిన నాలుగు రోజులూ మనం ఎలా నడిపామో చూసి రాబోయేది చెబుతుంది. గడిచిన నాలుగు రోజులూ మేం తిరిగింది ఊళ్లో!

అత్తయ్యగారు వెనక సీట్లోంచి ఆ అంకెని జ్వరం చూసే థర్మామీటరులా చూస్తూ కూర్చున్నారు. చౌటుప్పల్ దాటగానే “ఒరేయ్, మనం వచ్చింది యాభై. అక్కడ ఎనభై తగ్గిందేమిట్రా?” అన్నారు. మా వారు పలకలేదు, ఎ.సి. తగ్గించారు. “ఉడికిపోతున్నాన్రా నాయనా” అన్నారావిడ. మళ్లీ పెంచారు. సూర్యాపేట చేరేసరికి వచ్చింది 135. మూడు వందల పదిలో అది పోతే 175 ఉండాలా? తెర మీద 98 ఉంది!

మొదట ఆగిన చోట చార్జింగు మిషను నోరు తెరవలేదు. రెండోచోట దొరికింది. గొట్టం తగిలించి మా వారు ఇడ్లీల కోసం వెళ్లారు. నేను దిగి కాళ్లు సాగదీసుకుంటున్నాను. అయిదు నిమిషాల్లో మిషను తనంతట తనే ఆగిపోయింది. ఇంతలో అత్తయ్యగారి ఫోను మోగింది. “అమ్మా, బ్యాటరీ ఎంతవరకొచ్చింది?”

ఆవిడ తెర వైపు చూసి, నిట్టూర్చి, “నిండుకుందిరా” అన్నారు.

“అప్పుడేనా! అయితే గొట్టం తీసేయమను, వచ్చేస్తున్నా” అని ఆయన సంబరం.

బియ్యం అయిపోయాయి, పసుపు అయిపోయింది, కుంకుమ లేదు అనకూడదని మన పెద్దవాళ్లు ‘నిండుకున్నాయి’ అనడం నేర్పారు. అరవై ఏళ్లు ఆ తల్లి చేతి అన్నం తిని కూడా ఆ మాట తెలియని మనిషిని ఏమనాలి? ఇడ్లీ పొట్లాలతో పరిగెత్తుకొచ్చి తెర చూసి తెల్లబోయారు. ఆ పూట విజయవాడ చేరేసరికి విస్తళ్లు ఎత్తేశారు.

అయితే ఆ వంటింటి మాటలోనే నా 220 ఉంది. బియ్యం డబ్బా అడుగు గీరం కదా మనం. అడుగున నాలుగు గింజలు ఉండగానే కొత్త బియ్యం పోస్తాం. దీనికీ అంతే. తర్వాతి మిషను పాడై ఉండొచ్చు, ఎవరో ముందే తగిలించి ఉండొచ్చు. అందుకని నూటికి పదిహేను వంతులు నేను ముట్టుకోను. మిగిలింది 34 యూనిట్లు. ఆరున్నరతో హెచ్చవేయండి. 221 కదా? ఇది ఇంట్లోంచి నిండా నింపుకుని బయల్దేరితే.

దారిలో నింపితే అంత కూడా రాదు. దారిలో మిషన్లు ఎనభై వంతుల దాకా గబగబా పోస్తాయి, ఆ తర్వాత నత్తనడకే. ఖాళీ బస్సులో జనం పరిగెత్తి కూర్చుంటారు. నిండాక ఒక్కొక్కరూ ఒదిగి ఒదిగి ఎక్కాలి, అలాగన్నమాట. ఎనభై నుంచి పదిహేను దాకా అంటే 26 యూనిట్లు, 170 కిలోమీటర్లు. ఎవరి ప్రకటనలోనూ ఈ 170 కనపడదు. దూరప్రయాణం చేసేవాళ్లకి కావలసింది ఇదే.

ఆడవాళ్లకీ కరెంటు కారుకీ చుట్టరికం కొత్తదేం కాదు లెండి. ప్రపంచాన్ని పెట్రోలు కార్లతో నింపిన హెన్రీ ఫోర్డ్ ఉన్నాడే, ఆయన భార్య క్లారా మాత్రం కరెంటు కారు నడిపేది. 1914 నాటి డెట్రాయిట్ ఎలక్ట్రిక్. ఇనప కడ్డీ పెట్టి తిప్పి స్టార్టు చేసే అవస్థ లేదని ఆ రోజుల్లో ఆడవాళ్లు వాటిని ఇష్టపడేవారు. ఒకసారి చార్జి చేస్తే 80 మైళ్లు, అంటే 130 కిలోమీటర్లు పోతుందని కంపెనీ ప్రకటన. ఒక పరీక్షలో 211 మైళ్లు, దగ్గర దగ్గర 340 కిలోమీటర్లు లాగించారు. అప్పుడూ రెండు అంకెలే! కాకపోతే వాళ్లు ప్రకటనలో చిన్న అంకె వేసుకున్నారు.

క్లారాగారికి బందరు వెళ్లే పని లేదు. నాకుంది.

మా అమ్మ బందరులో ఒక్కతే ఉంటుంది. ఎనభై రెండేళ్లు. మా దగ్గరికి రమ్మంటే సముద్రపు గాలి లేనిదే నిద్ర పట్టదంటుంది. సముద్రం ఇంటికి పది కిలోమీటర్ల పైమాటే; వట్టి సాకు. కారు కొన్నప్పుడు అందరూ ఎంత దూరం పోతుందనే అడిగారు. అమ్మ మాత్రం ఫోనులో “అర్ధరాత్రి కబురొస్తే రాగలవుటే దాంట్లో?” అంది.

మా గుమ్మం నుంచి అమ్మ గుమ్మానికి 345 కిలోమీటర్లు. ఆయన అంకె ప్రకారం హాయిగా పోవచ్చు. నా అంకె ప్రకారం పోలేం. నా పద్దు పుస్తకం మొదలైంది ఆ రాత్రే. గ్యాసు కట్టేశానా, తలుపు గడియ వేశానా అని చూసుకున్నట్టే, కారు ఎనభైకి తగ్గకుండా ఉందో లేదో చూసుకుని గానీ పడుకోను.

2025 నవంబరులో ఒక రాత్రి ఒంటిగంటన్నరకి పక్కింటివాళ్లు ఫోను చేశారు. అమ్మ స్నానాలగదిలో జారిపడిందట. ఆసుపత్రికి తీసుకెళ్తున్నామన్నారు. “టాక్సీ పిలవనా?” అన్నారు మా వారు. ఆయనకి రాత్రిళ్లు ఎదురుదీపాలు పడవు. తాళాలు నేను తీసుకున్నాను.

ఎనభైలో నడిపాను. లారీలు కూడా నన్ను దాటిపోతున్నాయి. “కాస్త తొక్కవే” అన్నారాయన, ఉండబట్టలేక. వందలో పోతే సూర్యాపేటలో ఒకసారి, ఆ తర్వాత ఇంకోసారి ఆగాలి. ఎనభైలో పోతే యూనిట్టుకి ఏడు పైన వస్తుంది, కోదాడలో ఒక్కసారి ఆగితే చాలు. గంటల్లో చూస్తే రెండూ ఒకటే. లెక్క తెలుసు. తెలిసినా, తల్లి ఆసుపత్రిలో ఉండగా లారీల వెనక పోవడం ఎంత కష్టమో నా కుడికాలికే తెలుసు.

కోదాడలో నాలుగున్నరకి పద్దెనిమిది వంతులు మిగిలింది. మిషను పనిచేసింది. టీ కొట్టు మూసి ఉంది. నలభై అయిదు నిమిషాలు. పెట్రోలు బండైతే అయిదు నిమిషాల్లో పోయేవాళ్లం. ఈ తేడా దాచిపెట్టి కరెంటు కారుని మెచ్చుకునేవాళ్లని నేను నమ్మను. ఆ నలభై అయిదు నిమిషాలూ ఇద్దరం ఆ అంకె వైపు చూస్తూ కూర్చున్నాం తప్ప ఒక్క మాట మాట్లాడుకోలేదు.

ఎనిమిది కాకుండానే బందరు చేరాం. దేవుడి దయవల్ల మణికట్టు ఒకటే విరిగింది. మధ్యాహ్నానికి కట్టు కట్టి ఇంటికి పంపేశారు. పెరట్లో మోటారు కోసం పెట్టించిన పెద్ద ప్లగ్గు ఉంది. పక్కింటి అబ్బాయి ఎర్తు సరిగా ఉందో లేదో చూసి తగిలించాడు. దాంట్లో గంటకి మూడు యూనిట్లే ఎక్కుతాయి. నిండేసరికి పదకొండు, పన్నెండు గంటలు పడుతుంది. మా వారికి మర్నాడు పొద్దున్న ఏదో పనుందని గంటగంటకీ పెరట్లోకెళ్లి చూసి వస్తున్నారు.

సాయంత్రం దీపం పెట్టే వేళకి అమ్మ మంచం మీంచే అడిగింది. “ఎంతవరకొచ్చిందే?”

“సగం కూడా కాలేదమ్మా.”

“అలాగా” అని కళ్లు మూసుకుంది. కాసేపటికి మళ్లీ తెరిచి, “ఆ గొట్టం ఒకసారి తీసి పెట్టమను. ఫ్యాను స్లోగా తిరుగుతున్నట్టుంది” అంది.

ఫ్యాను బాగానే తిరుగుతోంది.