ముళ్ళపొదకు ఒక పేరు

ఆంగ్ల గ్రంథాలను తెలుగు చేసేవారికి ‘బ్రాంబుల్’ అన్న మాట తరచుగా ఎదురవుతుంది. నిఘంటువు ‘ముళ్ళపొద’ అని చెప్పి ఊరుకుంటుంది. ముళ్ళపొద అనగానే మన పాఠకుని కళ్ళ ముందు మెదిలేవి రేగు, కలివి, బలుసు. ఆంగ్ల రచయిత మనసులో ఉన్నది వేరు. అది గులాబి కుటుంబంలోని రూబస్ ప్రజాతికి చెందినది. వంగిన ముళ్ళకాడలతో అల్లుకుని, తినదగిన పళ్ళు కాస్తుంది. ఒక్క బ్రిటన్‌లోనే శాస్త్రజ్ఞులు అందులో మూడు వందలకు పైగా సూక్ష్మజాతులను వేరుచేశారు. వీటి అధ్యయనానికి ‘బేటాలజీ’ అని ప్రత్యేకంగా ఒక పేరే ఉంది. వెర్రి అనిపిస్తుంది గాని, ఆ వెర్రి నాకూ కొంత సోకింది.

నేనుండే కూనూరు నీలగిరులలో సుమారు ఆరువేల అడుగుల ఎత్తున ఉంది. ఇక్కడి కొండదారుల పక్కన రూబస్ మొక్కలు వాటంతటవే పెరుగుతాయి. దారి వెడల్పు చేయడానికి గట్టు తవ్వుతున్నప్పుడు, వాటిలో ఒకదాని వేరుపిలకను తడిమట్టితో సహా తెచ్చి, పెరటి రాతిగోడ పక్కన నాటాను. అది వానకాలం. పువ్వూ లేదు, పండూ లేదు. పేరు తెలుసుకోవడానికి ఆకులూ, ముళ్ళూ మాత్రమే ఆధారం.

ఈ మొక్కలోని చిక్కు అదే. దీని వేరు ఏళ్ళ తరబడి బ్రతికినా, కాడ ఆయుష్షు రెండేళ్ళే. మొదటి ఏడు పెరుగుతుంది. రెండవ ఏడు పూచి, కాచి, ఎండిపోతుంది. కనుక దీని గుణాలన్నీ ఒక్కనాడు కనిపించవు. అడవిలో దారినపోతూ చూసేవారికి సగమే దొరుకుతుంది. పెరట్లో పెంచుకునేవారికి మిగిలిన సగం చూసే అవకాశం ఉంటుంది, ఓపిక ఉంటే.

నా అనుమానం రెండు జాతుల మధ్య నడిచింది. మొదటిది ‘మైసూరు రాస్ప్‌బెర్రీ’ అని పేరుపడ్డ రూబస్ నీవియస్. దాని లేతకాడ మీద తెల్లని బూడిదపొర ఉంటుంది, ఒక్కొక్క ఆకులో ఐదు మొదలు తొమ్మిది దాకా చిట్టి ఆకులు, పువ్వు గులాబిరంగు, పండు ఎర్రబడి, తర్వాత నల్లబడుతుంది. రెండవది రూబస్ ఎలిప్టికస్. దానికి మూడే చిట్టి ఆకులు, వాటిలో చివరిది పెద్దది. కాడనిండా ఎర్రని బిరుసు నూగు, ఆ నూగు నడుమ కొక్కెపు ముళ్ళు. పువ్వు తెలుపు. పండు బంగారువన్నె.

నా మొక్కకు ఎర్రనూగు ఉన్నది. అయినా గాంబుల్ రచించిన మద్రాసు రాజధాని వృక్షజాల గ్రంథం (దాని ప్రచురణ 1915లో మొదలైంది) ముందు పెట్టుకుని, పువ్వు వచ్చేదాకా ఆగాను. రెండవ ఏడు చలి తగ్గాక తెల్లని పూలు వచ్చాయి. ఎండలు ముదిరాక పసుపుపచ్చని పండు వేలితో తాకగానే ఊడి వచ్చింది. లోపల బోలుగా, చిన్న గిన్నెలా ఉంది. గుజ్జుబొడిపె తొడిమకే మిగిలిపోయింది. బ్లాక్‌బెర్రీలో ఆ బొడిపె పండుతోనే వస్తుంది. ఇక సందేహం లేదు. ఇది రూబస్ ఎలిప్టికస్. ఆ పేరు పెట్టినవాడు జేమ్స్ ఎడ్వర్డ్ స్మిత్, 1815లో. కుమావూఁ కొండలలో దీనినే హిసాలూ అంటారు. అక్కడి కవి గుమానీ పంత్ (1790–1846) ఈ పండు మీద పద్యం చెప్పాడు. తెలుగులో దీనికి ఏ పేరు పెట్టాలో నాకింకా తోచలేదు. ‘పసిడి ముళ్ళపండు’ అని ఒకసారి రాసుకుని కొట్టివేశాను.

ఉద్యానశోభ కోరేవారికి నేనీ పొదను సిఫారసు చేయను. పూలు సాధారణం, ముళ్ళు అసాధారణం. కాపు ముగిసిన కాడలను వానకాలంలో మొదలంటా కోయకపోతే పెరడంతా చిక్కుపడుతుంది. కొత్తకాడ కొస నేలను తాకితే అక్కడే వేరు పోసుకుంటుంది. పళ్ళలో సగం పికిలిపిట్టల పాలు. మిగిలినవి ఒక్క పూటకు మించి నిలవవు. అందుకే ఇవి అంగడికి రావు. కాని ఆ తీపి-పులుపు రుచి కోసం గీతలు పడిన చేతులను ఎవరూ లెక్కపెట్టరు.

హవాయి ద్వీపంలో ఉంటున్న మా అక్క కూతురు ఒక వేసవిలో వచ్చి ఈ పళ్ళు తిన్నది. తిరిగి వెళ్ళాక, “పిన్నీ, గింజలు కొన్ని పంపవూ, మా పెరట్లో వేసుకుంటాను” అని రాసింది. రెండేళ్ళు ఆగి పేరు తేల్చుకున్నది ఎందుకో ఆ ఉత్తరంతో తెలిసివచ్చింది. ఇక్కడ అడవిబిడ్డ అయిన ఈ మొక్క అక్కడ శత్రువు. ప్రపంచంలో అత్యంత హానికరమైన 100 ఆక్రమణ జాతుల పట్టికలో రూబస్ ఎలిప్టికస్ ఒకటి; హవాయి అడవులలో స్థానికపు మొక్కలను అది కప్పివేస్తోంది. దాని తోబుట్టువు నీవియస్ గలాపగస్ దీవులలో అదే పని చేస్తోంది. గింజలు పంపలేదు. పోలికలు మాత్రం వివరంగా రాశాను.

నెల తిరగకుండా జవాబు వచ్చింది. అగ్నిపర్వతానికి వెళ్ళే దారిలో, అడవి అంచున, ఎర్రనూగు కాడలు తన నడుమెత్తున నిలబడి ఉన్నాయట. ఆదివారాలలో కొందరు చేరి వాటిని పెకలిస్తుంటే తానూ కలిసిందట. “తీసిన చోటే మళ్ళీ వస్తున్నాయి, వేళ్ళు ఎలా పోతాయి పిన్నీ?” అని అడిగింది. పై కాడ కోస్తే లాభం లేదు, మొదలు తవ్వి పక్కవేళ్ళు కూడా తీయమని రాశాను.