డిచ్‌పల్లిలో దిగిన రోజు

హైదరాబాదు నుండి నిజామాబాదు పోయే పెద్దరోడ్డు మీద కామారెడ్డి దాటితే ఇరుప్రక్కలా రాతి గుండ్లు కనబడతాయి. ఒకదానిమీద ఒకటి ఎవరో పేర్చిపెట్టినట్టుంటాయి. నిజామాబాదు ఇంకా పది మైళ్లుందనగా డిచ్‌పల్లి వస్తుంది. ఆ దారిన నేను ఎన్నోసార్లు ప్రయాణం చేశాను. అక్కడ మాత్రం ఎన్నడూ బస్సు దిగలేదు. 1994 ఫిబ్రవరిలో, ఒక పెండ్లికి పోతూ, మొదటిసారి దిగాను. ఎందుకు దిగానో చెప్పాలంటే ముందు మా పెద్దనాయన సంగతి చెప్పాలి.

మాది కామారెడ్డి ప్రాంతంలో ఒక పల్లె. మా తాత కాలం నుండి విశ్వాసుల కుటుంబం. మా పెద్దనాయనకు వీపు మీద తెల్లని మచ్చలు వచ్చాయి, తరువాత ఎడమచేతి వ్రేళ్లు వంకరపోయాయి. ఊరివాళ్లు పెద్దరోగమన్నారు. మా నాయనమ్మ ఏడ్చింది గాని, బావికాడ గుడిసె వేయించింది. ఆయనకొక సత్తుగిన్నె వేరుగా పెట్టారు. అది ఇంటి బయట మేకుకు వ్రేలాడేది. అప్పుడు నాకు ఎనిమిదేండ్లు. రోజూ సద్ది మోసుకొనిపోయి బండమీద పెట్టి, “పెద్దనాయనా!” అని కేకవేసి పరుగెత్తి వచ్చేవాణ్ణి. నేను కనుమరుగయ్యేదాకా ఆయన గుడిసె నుండి బయటికి వచ్చేవాడు కాదు. నేను భయపడకూడదని అలా చేసేవాడని చాలాకాలానికి గాని నాకు తెలియలేదు.

ఒకనాడు ఆయన ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోయాడు. డిచ్‌పల్లి ఆస్పత్రిలో చేరాడని తరువాత తెలిసింది. చూడటానికి మావాళ్లెవరూ పోలేదు. ఆరేండ్లకు తిరిగివచ్చాడు. రోగము నయమైనదని ఆస్పత్రివారు ఇచ్చిన కాగితము మడతలుపెట్టి జేబులో దాచుకొని వచ్చాడు. పాస్టరుగారు దానిని చదివి వినిపించారు. అందరూ దేవునికి స్తోత్రమన్నారు. ఆ సాయంత్రం అన్నం మాత్రం ఆ సత్తుగిన్నెలోనే పెట్టారు. ఆయన ఏమీ అనలేదు. బ్రతికినన్నాళ్లు గుడి వెనుక గుమ్మంకాడనే కూర్చున్నాడు, ప్రభువు బల్లకు అందరి తరువాత వచ్చాడు.

డిచ్‌పల్లి ఆస్పత్రి పుట్టుక చాలామందికి తెలియదు. ఇసబెల్ కెర్ దొరసాని స్కాట్లండు దేశస్థురాలు, వైద్యురాలు. ఆమె, భర్త జార్జి కెర్ దొరగారు 1907లో మెథడిస్టు మిషను పక్షాన హైదరాబాదు సంస్థానానికి వచ్చారు. నిజామాబాదులో కుష్ఠురోగులను చేర్చుకోవటం మొదలుపెడితే చోటు చాలలేదు. అప్పుడు ఆదుకున్నది రాజా నర్సాగౌడుగారు. ఆయన క్రైస్తవుడు కాదు, హిందువు. ఆయన ఇచ్చిన పెద్ద విరాళంతో 1915లో డిచ్‌పల్లిలో పని ఆరంభమైంది. ఈ మాట మన సంఘాలలో మరి కొంచెం గట్టిగా చెప్పుకోవాలని నాకు అనిపిస్తుంది. మంచి సమరయుని ఉపమానం మనకు కంఠతా వచ్చు గదా!

ఆ రోజులలో మాత్రలు లేవు. చాల్‌ముగ్రా జాతి నూనెను సూదితో ఎక్కించేవారు. అది చాలా బాధాకరమైన వైద్యం. ఆ బాధపడటానికి కూడా మైళ్లకొద్దీ నడిచి వచ్చేవారు. దొరసాని 1932లో కన్నుమూశారు. డాప్సోను మాత్రలు ఆ తరువాతి కాలంలో వచ్చాయి. మా పెద్దనాయనకు నయమైంది వాటితోనే.

నేను బస్సు దిగి లోపలికి నడిచేసరికి ఎండ ముదిరింది. చింతచెట్ల నీడన పాతకాలపు కట్టడాలు, ఒక ప్రార్థనాలయం. ఒక వరండాలో ఒక ముసలమ్మ కూర్చొని ఉంది. చేతులకు వ్రేళ్లు సగమే ఉన్నాయి. కాళ్లకు మెత్తని రబ్బరు చెప్పులు. మా పెద్దనాయన పేరు చెప్పి అడిగాను.

“ఎంతమందో వచ్చిన్రు, ఎంతమందో పోయిన్రు కొడకా. యాదికి లేదు” అంది. “ఎండల వచ్చినవ్, జర కూసో. చాయ్ తాగుతువు.”

లోపలికిపోయి రెండు అరచేతుల మధ్య గుడ్డతో గిలాస పట్టుకొని వచ్చింది. గుడ్డ ఎందుకని అడిగితే, వేడి తెలియదనీ, కాలిన తరువాత గాని కాలిందని ఎరుగననీ చెప్పింది. రోగము వ్రేళ్లను తినదు. నరము చచ్చి నొప్పి తెలియదు కాబట్టి కాలినా కోసుకున్నా పట్టించుకోక, పుండ్లుపడి వ్రేళ్లు అరిగిపోతాయి.

ఇదంతా నాకు తెలుసు. అయినా ఆ గిలాస అందుకొని నేను ఆగాను. ఒక్క క్షణమే. కుష్ఠురోగిని ప్రభువు ముట్టి బాగుచేసిన సంగతి మీద నేను రెండుమూడుసార్లు వాక్యం చెప్పినవాణ్ణి. అవ్వ నా ముఖం చూసింది. ఆమెకు అర్థమైందని నాకు తెలిసింది.

“చక్కెర తక్కువైందా కొడకా? ఇంకింత ఏసుకస్త ఆగు” అని లేవబోయింది.

నన్ను సిగ్గుపడనీయకుండా ఆమె ఆ మాట అన్నది. ఆమె లేవకముందే నేను తాగేశాను. చక్కెర సరిపోయింది. రెండోసారి కూడా పోయించుకున్నాను.

ఈ పత్రిక చదివే పల్లెవాసులకు ఒక్క మాట. మచ్చ పాలిపోయి, అక్కడ గిచ్చినా తెలియకపోతే ఆలస్యం చేయకుండా ప్రభుత్వ ఆరోగ్య కేంద్రానికి తీసుకొనిపోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1981లో సిఫారసు చేసిన బహుళ ఔషధ చికిత్స ఉచితంగా ఇస్తారు. రోగపు తీరును బట్టి ఆరు నెలలు లేదా ఒక సంవత్సరము వాడాలి. మందు మొదలుపెట్టిన కొద్ది రోజులకే అంటించే గుణం పోతుంది. చాలామందికి దీన్ని తట్టుకొనే శక్తి శరీరంలో సహజంగానే ఉంటుంది. 2005 చివరికి మన దేశంలో పదివేలమందికి ఒకరికన్న తక్కువకు తగ్గిందని ప్రభుత్వం ప్రకటించింది గాని, కొత్త కేసులు బయటపడుతూనే ఉన్నాయి. ఈ రోగం కారణంగా విడాకులిచ్చే వీలును చట్టం నుండి తీసివేసింది 2019లోనే. అంతవరకు ఉండేదంటే మా ఇల్లొక్కటే అనుకోనక్కరలేదు.

పెండ్లి చూసుకొని ఊరికి వచ్చాను. ఆ సత్తుగిన్నె అటకమీద ఉంది. పెద్దనాయన పోయి పదిహేనేండ్లయినా ఎవరూ పారవేయలేదు, ఎవరూ ముట్టలేదు. దించి అమ్మ ముందు పెట్టాను. చాయ్ సంగతి చెప్పాను. అమ్మ చాలాసేపు దానివంక చూసింది.

“గుమ్మంకాడ కూసుంటే నేనన్న లోపలికి పిలువకపోతి” అంది.

అంతే అంది. లేచి బూడిద తెచ్చి, పీచుతో ఆ గిన్నె తోమటానికి కూర్చుంది. నేను తోముతానంటే ఇవ్వలేదు. తోమి కడిగి ఇంటి గిన్నెలలో బోర్లించింది. అమ్మ కూడా ఇప్పుడు లేదు. మా ఇంట్లో నేటికీ బియ్యం కడిగేది ఆ గిన్నెలోనే.