ఎంతదాకా వచ్చింది?

మా వీధి చివర రిటైరైన తెలుగు మాస్టారు ఒకరున్నారు. పొద్దున పాలబూత్ దగ్గర ఎదురుపడితే "బాగున్నావామ్మా" అని అడగరు. "ఎంతదాకా వచ్చింది?" అంటారు. ఆయన అడిగేది నేను చదువుతున్న నవల సంగతి. మొన్న మంగళవారం, "రామనాథం కాలేజీ మానేసి ఊరొచ్చాడండీ" అన్నాను. మాస్టారు ఒక్క క్షణం ఆగి, "అయితే ఈ రెండ్రోజులు నిన్ను పలకరించను, చదువుకో" అని పాలసంచీ పట్టుకుని వెళ్లిపోయారు. మహీధర రామమోహనరావు గారి 'కొల్లాయిగట్టితేనేమి?' ఆయన ఎన్నిసార్లు చదివారో లెక్కలేదు. సహాయ నిరాకరణోద్యమం రోజుల్లో చదువు వదిలేసి కోనసీమలోని ముంగండకు తిరిగొచ్చిన ఆ కుర్రవాణ్ణి ఊరు ఏం చేయబోతోందో ఆయనకు బాగా తెలుసు. అయినా ఒక్క ముక్క బయటికి రానివ్వలేదు.

పుస్తకాలంటే ఇష్టమున్నవాళ్ల మధ్య ఇంతకన్నా మంచి పలకరింపు నాకు తెలీదు. "ఈమధ్య ఏం చదివారు?" అని అడిగితే ఎవరైనా నాలుగు పేర్లు చెబుతారు. బాగుంది, ఫరవాలేదు, సాగదీశాడు అంటారు. మాట అక్కడితో తెగిపోతుంది. అదే సగంలో ఉన్న మనిషిని అడిగి చూడండి. ఆ మనిషి ఇంకా ఆ ఊళ్లోనే తిరుగుతుంటాడు. అక్కడి మనుషుల మీద కోపమో బెంగో ఇంకా చల్లారి ఉండదు. రాత్రి లైటు ఆర్పేముందు ఎక్కడ ఆపాడో అక్కడినుంచే మొదలుపెడతాడు. అలా విన్న నవలని చదవకుండా ఊరుకోవడం నావల్ల కాదు.

కేశవరెడ్డి గారి నవలల్లోకి నన్ను దింపింది కూడా మాస్టారే. ఏడెనిమిదేళ్ల కిందటి మాట. అప్పుడూ పాలబూత్ దగ్గరే. "ఓ ముసలాడమ్మా. పందులు మేపుకునేవాడు. ఈనబోయే పంది ఒకటి మందతోపాటు తిరిగి రాలేదు. వెతుక్కుంటూ అడవిలోకి పోయాడు. చీకటి పడింది. పంది ఈనింది. ఇప్పుడది పెంచినవాణ్ణే పిల్లల దగ్గరికి రానివ్వటం లేదు. అవతల నక్కలు కనిపెట్టేశాయి." అంతవరకు చెప్పి, "ఇక్కడ ఆపానమ్మా, కళ్లు మంటపుట్టి" అన్నారు. అంతే. ఆ రోజంతా వంటింట్లో నా చేతులు కూర తరుగుతున్నాయి గానీ మనసు ఆ ముసలాడి దగ్గరే ఉంది. విజయవాడ వెళ్తున్న మా తమ్ముడికి ఫోన్ చేసి, "ఒరేయ్, ఏం మర్చిపోయినా సరే గానీ, 'అతడు అడవిని జయించాడు' అనే పుస్తకం తెచ్చిపెట్టు" అన్నాను.

చిన్న నవల. ఒక సాయంత్రం మొదలై మర్నాటికల్లా అయిపోతుంది. ఒక మనిషి, ఒక జంతువు, ఒక రాత్రి. గాలి ఎటు వీస్తోంది, ఏ చప్పుడు దేనిది, పిల్లల తల్లి ఎంత దూరంలో మనిషిని ఓర్చుకుంటుంది అన్నదే ఆ ముసలాడి చదువు. అడవి ముఖం ఎరగని నేను మంచం మీద కాళ్లు ముడుచుకుని కూర్చుని చదివాను. ఫ్యాన్ చప్పుడికి రెండుసార్లు ఉలిక్కిపడ్డాను. రాసినాయన చిత్తూరు జిల్లావాడు. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లి కుష్ఠువ్యాధి ఆసుపత్రిలో ఏళ్ల తరబడి వైద్యం చేసిన డాక్టరు. లోకం దూరంగా పెట్టిన మనుషుల పక్కన రోజూ కూర్చున్నాడు కాబట్టే పందుల కాపరిని జాలి పడకుండా, తక్కువ చేయకుండా, సాటి మనిషిగా రాయగలిగాడని నా నమ్మకం. తెలుగులో ఒక్కటే నవల చదివే తీరికుందని ఎవరైనా అంటే నేను ఈ పుస్తకమే ఇస్తాను.

ఇలా చేతికి అందించేవాళ్లు నాకు చిన్నప్పటి నుంచీ దొరికారు. తెనాలిలో మా బడి దారిలో అద్దె పుస్తకాల కొట్టొకటి ఉండేది. డిపాజిట్ ఐదు రూపాయలు, రోజుకి పావలా. ప్రతి పుస్తకానికీ సిమెంటు బస్తా కాగితంతో అట్ట, వెన్ను మీద సిరాతో నంబరు. లోపల పేజీల మూలలన్నీ నూనె చేతుల మరకలతో మెత్తబడి ఉండేవి. ఎవరు ఏ నంబరు తీసుకున్నదీ కొట్టాయన పొడవాటి లెక్కల పుస్తకంలో రాసుకునేవాడు. నేను వరసగా నాలుగు యండమూరి నవలలు తీసుకెళ్లి, ఐదోదాని కోసం వెళ్లినప్పుడు ఆయన నా పేరున్న పేజీ మీద వేలు పెట్టి కిందిదాకా చూశాడు. లోపలికెళ్లి ఇంకో పుస్తకం తెచ్చి, "ఇది పట్టుకెళ్లమ్మా. నచ్చకపోతే అద్దె ఇవ్వొద్దు" అన్నాడు. రావిశాస్త్రి గారి 'అల్పజీవి'.

నాకప్పుడు పద్నాలుగేళ్లు. సగం అర్థం కాలేదు. కానీ సుబ్బయ్య భయం అర్థమైంది. ఆ వారంలోనే మా నాన్న ఆఫీసు నుంచి వచ్చి, చెప్పులు విప్పి, కాసేపు గుమ్మంలోనే నిలబడిపోవడం మొదటిసారి చూశాను. అంతకుముందూ రోజూ అలాగే నిలబడేవాడట, అమ్మ చెప్పింది. నేను చూళ్లేదు. పుస్తకం తిరిగిచ్చేటప్పుడు అద్దె లెక్కకట్టి ఇచ్చాను. ఆయన తీసుకుని, ఏమీ అడగకుండా, ఇంకో రావిశాస్త్రి తీసిచ్చాడు.

మా అమ్మది ఇంకో దారి. స్వాతి మాసపత్రికలో మాలతీ చందూర్ గారు 'పాత కెరటాలు' అనే శీర్షిక కింద ఇంగ్లీషు నవలల్ని తెలుగువాళ్లకు చెప్పేవారు. అమ్మ ఆ పేజీలు చిరగకుండా విప్పి, పెద్ద సూదికి దారం ఎక్కించి, సంవత్సరానికో కట్టగా కుట్టుకునేది. పేజీ వెనక ఏదుంటే అదీ కట్టలోకి వచ్చేసేది. సగం వంటకం, సబ్బు ప్రకటన, ఎవరిదో కథ చివరి పేరా. ఎనిమిదో తరగతితో చదువాగిన మనిషి, ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కునే మనిషి, మధ్యాహ్నం బియ్యంలో రాళ్లేరుకుంటూ పక్కింటి పిన్నికి ఆ దొరల ఇళ్లల్లోని ఆడవాళ్ల కష్టసుఖాలు మన బంధువుల సంగతి చెప్పినట్టు చెప్పేది. మాలతీ చందూర్ గారు స్వయంగా నవలలు రాసిన మనిషి. 'హృదయనేత్రి'కి 1992లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. కానీ మా ఇంట్లో ఆమెను తలుచుకునేది ముందుగా ఈ శీర్షిక కోసమే. అమ్మ పోయాక నేను అడిగి తెచ్చుకున్నది ఆ కట్టలే.

కథంతా చెప్పేస్తే ఇంక నవలెవరు చదువుతారని కొందరంటారు. మాస్టారి పద్ధతి చూస్తే వాళ్ల మాట నిజమే అనిపిస్తుంది. కానీ ఆ పుస్తకం ఎన్నటికీ చేతికి రానివాళ్లకు, ఆ భాష రానివాళ్లకు, సాంతం చెప్పడమే ధర్మం. దొరికే అవకాశం ఉన్నవాళ్లకు మాత్రం సగంలో ఆపాలి. ఎదుటి మనిషి ఎవరో చూసుకోకుండా చెప్పడమే తప్పు. ఆ తప్పు నేను చేశాను.

మా కుటుంబ స్నేహితుడొకాయన పనిచేసే కంపెనీ మూతపడింది. నలభై రెండేళ్ల వయసులో ఇంట్లో కూర్చున్నాడు. పలకరించడానికి వెళ్తూ, చదువుకుంటే మనసు తేలికపడుతుందని, అప్పుడే నేను పూర్తిచేసిన గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర' ఇచ్చాను. గొప్ప నవల. మనిషి తన మీద తనే నమ్మకం పోగొట్టుకుని మెట్టుమెట్టుగా ఎలా దిగజారిపోతాడో అంత నిర్దయగా రాసినవాళ్లు తక్కువ. అలాంటి పుస్తకం నేనిచ్చింది ఎవరికి! వారం తర్వాత ఆయన భార్య ఫోన్ చేసింది. "వదినా, ఆ పుస్తకం ఎందుకిచ్చావు? మూడ్రోజుల్నుంచి ముద్ద సరిగ్గా దిగటం లేదు ఆయనకి. సీతారామారావు నేనే అంటున్నాడు." ఆ సాయంత్రమే వెళ్లాను. ఈసారి మొక్కపాటివారి 'బారిస్టర్ పార్వతీశం' పట్టుకెళ్లాను. చేతికిచ్చి వచ్చెయ్యలేదు. వాళ్ల వరండాలో కూర్చుని, పార్వతీశం మొగల్తూరు నుంచి బయలుదేరిన దగ్గర్నుంచి రెండు ప్రకరణాలు నేనే పైకి చదివాను. మూడోది ఆయన చదివాడు.

అప్పట్నుంచీ పుస్తకం పేరు చెప్పేముందు మనిషి ముఖం చూస్తున్నాను. ఉస్మానియా హాస్టల్లో చేరి, గదిలో ఒంటరిగా ఉందని దిగులు పెట్టుకున్న మా మేనకోడలికి నవీన్ గారి 'అంపశయ్య' పంపాను. 1969లో వచ్చిన పుస్తకం, అదే యూనివర్సిటీ, రవి అనే కుర్రాడి ఒక్క రోజు. "అత్తా, వీడికీ నాలాగే పొద్దున్నే లేవబుద్ధి కాదు" అని రెండో రోజే మెసేజ్ పెట్టింది. ఇంకో ఇంట్లో, కొడుకుని ఇంటర్లో ఏ కాలేజీలో చేర్చాలా అని నెలరోజులుగా నిద్రపోని తల్లికి కొడవటిగంటి కుటుంబరావు గారి 'చదువు' ఇచ్చాను. కుటుంబరావు గారు మా తెనాలివారే. సుందరం పలక పట్టిన వయసు నుంచి కాశీలో చదివి, ఆ చదువుతో ఏం చెయ్యాలో తెలియక నిలబడేదాకా ఎక్కడా గొంతు పెంచకుండా రాశారు. చదువు ఎందుకు అనే ప్రశ్న మన ఇళ్లల్లో ఇవాళ పుట్టింది కాదని ఆ నవల చదివితే తెలుస్తుంది. ఆ తల్లి ఇంకా చదువుతోంది. రోజుకి పది పేజీలు. నేను తొందరపెట్టను.

పుస్తకం దగ్గరికి మనిషి రావాలని కూర్చోకుండా, మనిషి దగ్గరికి పుస్తకాన్ని నడిపించినవాళ్లు మన ప్రాంతంలోనే ఉన్నారు. 1935లో పాతూరి నాగభూషణం గారు కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలువలో పడవ మీద గ్రంథాలయం నడిపారు. ఆ ఊళ్ల పేర్లు విన్నప్పుడల్లా, రేవులో బట్టలుతుక్కుంటున్న మనిషి తడి చేతులు కొంగుకి తుడుచుకుని పుస్తకం అందుకోవడం నా కళ్లకు కడుతుంది. నేను చూసింది కాదు, ఊహించుకున్నది. కానీ ఆ పడవ మాత్రం నిజం.

మేం ఆరుగురం. నెలలో రెండో ఆదివారం సాయంత్రం మా మేడ మీద కూర్చుంటాం. మాస్టారు, ఆ స్నేహితుడు, బ్యాంకులో పనిచేసే ఒకావిడ, మెడికల్ షాపు కుర్రాడు, మా ఆడపడుచు, నేను. చదివేసిన పుస్తకం గురించి మాట్లాడకూడదు, చేతిలో నడుస్తున్నదాని గురించే చెప్పాలి. ఆ నియమం మాస్టారు పెట్టిందే. వాదనలు రాకుండా ఉండవు. 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నవలల పోటీ బహుమతిని విశ్వనాథ 'వేయిపడగలు'కీ అడివి బాపిరాజు 'నారాయణరావు'కీ కలిపి పంచింది కదా, మా మేడ మీద ఆ పంపకం ఇప్పటికీ తేలలేదు. మాస్టారు విశ్వనాథ పక్షం. మెడికల్ షాపు కుర్రాడు ఆ రెంటికీ ముందే జైల్లో కూర్చుని ఉన్నవ లక్ష్మీనారాయణ గారు రాసిన 'మాలపల్లి'ని తెచ్చి మధ్యలో పెడతాడు. ప్రభుత్వం నిషేధించేంతగా భయపెట్టిన నవల ఏదో అదే పెద్దది అంటాడు. నేను వాడి వైపే. భాష విషయంలో మాత్రం మాస్టారితో గొడవ పడను. 'వేయిపడగలు'లో కొన్ని పుటలు పైకి చదువుతుంటే ఆరుగురం కాఫీ చల్లారిపోనిస్తాం.

టైమ్ లేదనే మాట మేమూ అనుకుంటాం. బ్యాంకు ఆవిడకి నిజంగానే లేదు. బస్సులో నలభై నిమిషాలే ఆవిడకి దక్కేది. ఆ నలభై నిమిషాల్లోనే నిరుడు దాశరథి రంగాచార్య గారి 'చిల్లర దేవుళ్లు', 'మోదుగుపూలు' పూర్తిచేసింది. నిజాం కాలంలో తెలంగాణ పల్లె ఎలా ఉండేదో స్కూల్లో ఎవరూ నాకు చెప్పలేదండీ, అంది ఆ రోజు. ఆ మాటకి మేమెవరం బదులు చెప్పలేకపోయాం. మాకూ ఎవరూ చెప్పలేదు.

'కొల్లాయిగట్టితేనేమి?' నిన్న రాత్రి పూర్తయింది. పొద్దున మాస్టారికి చెబితే తల ఊపి, "తర్వాత?" అన్నారు. బండి నారాయణస్వామి గారి 'శప్తభూమి' మొదలుపెట్టాను. 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చిన నవల. పద్దెనిమిదో శతాబ్దం, అనంతపురం సీమ, హండే రాజుల ఏలుబడి. బిల్లే ఎల్లప్ప ఏమవుతాడో నాకింకా తెలీదు. వచ్చే ఆదివారం నేను చెప్పబోయేది దాని గురించే. మాస్టారు దాన్ని చదవలేదట. నాకన్నా ముందు ఆయన చదవని పుస్తకం ఇన్నేళ్లలో ఇదే మొదటిది. అందుకే రెండో ప్రతి కూడా తెప్పించాను.

మీ చేతిలో ఇప్పుడు ఏ నవల ఉందో, ఎంతదాకా వచ్చిందో ఇవాళ ఒక్కరికైనా చెప్పండి. అయిపోగానే పుస్తకం వాళ్లకిచ్చేయండి.