అంకుశం వెల

"ఏనుగును కొన్నవాడు అంకుశం కొనలేడా?" అనే సామెతను ఇరవై ఏళ్లుగా తరగతిలో విడమరచి చెబుతున్నాను. పెద్ద ఖర్చుకు వెరవనివాడు చిన్న ఖర్చుకు వెరవడం వింత అని దాని తాత్పర్యం. 2024 నవంబరులో ఒక పాత మోటారు కొన్ననాటి నుంచి మాత్రం నాకొక అనుమానం పట్టుకొంది. ఈ సామెతను కల్పించిన మహానుభావుడు ఎప్పుడూ కొత్త ఏనుగునే కొని ఉంటాడు. పాత ఏనుగును బేరమాడినవాడైతే, "ఏనుగును ఎవడైనా కొంటాడు, అంకుశం కొనగలడేమో ముందు అడగండి" అని ఉండేవాడు.

నేను కొన్నది సామాన్యమైన మోటారు కాదు. రాళ్లలోనూ, బురదలోనూ, వాగుల్లోనూ నాలుగు చక్రాలతో లాగగల భారీ బండి. లోపల మాత్రం తోలు సీట్లు, చల్లగాలి, సకల వైభోగం. జనం దీన్ని పొడి అక్షరాల్లో ఎస్‌యూవీ అంటారు. అనకాపల్లిలో తెలుగు పాఠాలు చెప్పుకొనే మనిషికి ఈ హంగు ఎందుకని మీరు నవ్వుకొంటూ ఉండవచ్చు. మా స్టాఫ్ రూములో బాహాటంగానే నవ్వారు. "మాస్టారూ, ప్రబంధ నాయకుడికి గుర్రం కావాలి గాని, వ్యాఖ్యాన కర్తకెందుకండీ?" అన్నారు కామర్సు లెక్చరరుగారు. ఆయనకు జవాబుగా ఒక గెడ్డ కథ చెప్పవలసి వచ్చింది.

మా శ్రీమతి పుట్టిల్లు మన్యంలో, పాడేరు అవతల ఒక కొండ ఊరు. మామగారు ఆశ్రమ పాఠశాలలో ముప్ఫై ఏళ్లు ఉపాధ్యాయులుగా పనిచేసి రిటైరయ్యారు. సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ మొక్కలు, ఆ చెట్లకే మిరియాల తీగలు పెంచుకొంటూ కాలక్షేపం చేస్తున్నారు. అత్తగారు పోయాక మా దగ్గరికి వచ్చెయ్యమని ఎంత బతిమాలినా రారు. "మీ మూడో అంతస్తులో నాకేం పని బాబూ? ఇక్కడ ప్రతి చెట్టూ నన్ను పలకరిస్తుంది" అంటారు. తారురోడ్డు నుంచి వారి ఊరికి మూడు కిలోమీటర్ల మట్టిదారి. నడుమ ఒక గెడ్డ. మా ఉత్తరాంధ్రలో కొండవాగును గెడ్డ అంటాం. వేసవిలో దానిలో చీలమండ కూడా తడవదు. ఆషాఢం వచ్చిందంటే ఊరు ఒక గట్టు, లోకం ఒక గట్టు.

2023 వానాకాలంలో ఒక తెల్లవారుజామున మామగారికి గుండెనొప్పి వచ్చింది. ఊరి కుర్రాళ్లు నలుగురు దుప్పటితో డోలీ కట్టి, ఆ బురదలో గెడ్డ దాటించి, రోడ్డుమీద ఆగిన అంబులెన్సు దాకా మోశారు. మూడు కిలోమీటర్లకు రెండు గంటలు పట్టింది. విశాఖలో డాక్టర్లు స్టెంటు వేసి ప్రాణం నిలబెట్టారు. "ఇంకొక గంట ఆలస్యమై ఉంటే..." అని పెద్ద డాక్టరుగారు వాక్యం పూర్తి చెయ్యకుండా వదిలేశారు. అసంపూర్ణ వాక్యానికి ఎంత బలం ఉందో, వ్యాకరణం చెప్పుకొని బతికే నాకు ఆనాడు తెలిసింది.

ఆ వాక్యం ఏడాదిపాటు మా ఇంట్లోనే మకాం పెట్టింది. చివరికి ఒకరాత్రి అన్నాల దగ్గర మా ఆవిడ, "ఏమండీ, సబ్బవరం స్థలం అమ్మేద్దాం" అంది. ఆమె పేరిట ఉన్న నూటయాభై గజాలు అవి. అమ్మాయి ఇంజనీరింగు చదువుకని దాచినవి. నేను అమ్మాయి వంక చూశాను. "నా సీటు నేను తెచ్చుకొంటాలే నాన్నా, తాతయ్య సంగతి చూడండి" అంది చిరంజీవి. స్థలానికి 22 లక్షలు వచ్చాయి.

మా బావమరిదిది వేరే లెక్క. "బావగారూ, దానికి జీపు చాలదా? సగం ధరకే వస్తుంది" అన్నాడు. మాట న్యాయమైనదే. కాని మా ఆవిడ ఒప్పుకోలేదు. "గుండెజబ్బు మనిషిని జీపులో ఎగరేసుకొంటూ తీసుకొస్తే గెడ్డ దాటుతుందిరా, నాన్న దాటరు" అంది. ఈ మాటతో విలాసానికీ అవసరానికీ నడుమ నేను గీసుకొన్న గీత చెరిగిపోయింది. రోగిని కుదుపు లేకుండా పడుకోబెట్టి తేవడం మా ఇంటికి విలాసం కాదు.

నిజానికి ఈ రెంటికీ పొత్తు కుదిరింది కూడా మెల్లగానే. 1948లో ఆమ్‌స్టర్‌డామ్ మోటారు ప్రదర్శనలో బ్రిటిష్‌వాళ్లు పెట్టిన మొదటి ల్యాండ్ రోవర్ రైతు కోసం చేసిన మోటు బండి. 1970లో వచ్చిన రేంజ్ రోవర్ మెత్తని స్ప్రింగులతో సుఖంగా నడిచేది. అయినా దాని లోపలి భాగం గొట్టంతో నీళ్లు పట్టి కడుక్కొనేటట్టుగానే ఉండేది. తోలు సీట్లు, తివాచీలు తరువాతి రోజుల్లో వచ్చి చేరాయి. అంటే బురద ముందు, భోగం వెనుక అన్నమాట.

మా డబ్బుకు అందిన వాటిలో ఫోర్డ్ ఎండీవర్ ఒకటి. అయిదు సిలిండర్ల 3.2 లీటర్ల డీజిల్ ఇంజనుతో, నాలుగు చక్రాలకూ బలం అందే రకం. 2016లో కొత్తగా వచ్చినప్పుడు దాని వెల సుమారు 30 లక్షలు. ఏడేళ్లు గడిచేసరికి సగానికి దిగడానికి ఒక కారణం ఉంది. 2021 సెప్టెంబరులో ఆ కంపెనీ మన దేశంలో కార్ల తయారీ మానుకొంటున్నట్టు ప్రకటించింది. చెన్నై దగ్గరి మరైమలై నగర్ ఫ్యాక్టరీ నుంచి 2022లో చివరి కారు బయటికి వచ్చింది. సర్వీసు, విడిభాగాలు కొనసాగిస్తామని కంపెనీ చెప్పింది గాని, ఊరు విడిచి వెళ్లిన అల్లుడికి ఎవరు పిల్లనిస్తారు? అందుకే ధర తగ్గింది. ధర తగ్గినచోట కొనేవాడి జాగ్రత్త పెరగాలి.

మాకు తెలిసిన ఒక మెకానిక్‌ను వెంటబెట్టుకొని విశాఖలో మూడు బండ్లు చూశాను. పూర్వం సంతలో ఎద్దును కొనేవారు పళ్ళు చూసి, సుళ్ళు చూసి, నాలుగడుగులు నడిపించి చూసేవారు. ఇతని పద్ధతి కూడా అదే. "కొన్నోడు ఏటి సెప్తాడో కాదు మాస్టారూ, బండేటి సెప్తదో ఇనాల" అన్నాడు.

మొదటి బండి పెళ్ళికొడుకులా మెరుస్తోంది, ధర కూడా తక్కువ. మెకానిక్ రంగు వైపు చూడనేలేదు. సీటు బెల్టును చివరంటా బయటికి లాగాడు. కొసన గోధుమరంగు చార. అడుగున పరచిన తివాచీ ఎత్తి వాసన చూశాడు. మూలన మెత్తటి ఒండ్రుమట్టి. "ఇది నీల్ల నుంచి తేలిన బండి" అన్నాడు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో వేల ఇళ్లు మునిగిన సంగతి మనకు తెలిసిందే. 2015లో చెన్నైలోనూ, 2020లో హైదరాబాదులోనూ వరదలు వచ్చాయి. ఏ వరద వచ్చినా మునిగిన కార్లన్నీ తుక్కులోకి పోవు. కొన్ని స్నానం చేసి సంతకు వస్తాయి. వాటి వైర్లలో దాగిన తడి ఆరు నెలలకో ఏడాదికో పనిచేస్తుంది.

రెండోది ఢిల్లీ నుంచి దిగిన బండి. డీజిల్ వాహనాలకు పదేళ్ల గడువు పెడుతూ 2015లో హరిత ట్రిబ్యునల్ ఇచ్చిన ఆదేశాన్ని 2018లో సుప్రీంకోర్టు నిలబెట్టింది. దాంతో అక్కడి పెద్ద బండ్లెన్నో ఇటు వలస వచ్చాయి. చవకే గాని, అక్కడి అధికారుల నుంచి ఫారం 28 మీద నిరభ్యంతర పత్రం తేవాలి, ఇక్కడ జీవితకాలపు పన్ను మళ్ళీ కట్టాలి. అవన్నీ కలిపితే చవక కాస్తా కరిగిపోతుంది. పైగా స్టార్టు చెయ్యగానే గొట్టం నుంచి నీలిపొగ వచ్చింది. నల్లపొగ అయితే డీజిల్ సరిగా మండటం లేదని, నీలిపొగ అయితే ఇంజను ఆయిల్ తాగుతున్నదని అర్థమట. ఆయిల్ తాగే ఏనుగు మాకొద్దనుకొన్నాం.

మూడోది ఓడల మీద ఇంజనీరుగా తిరిగే ఒక పెద్దమనిషిది. 2017 నాటి బండి, 92 వేల కిలోమీటర్లు తిరిగింది. మెకానిక్ ముందుగా బానెట్ మీద అరచెయ్యి పెట్టి, ఇంజను చల్లగా ఉందని రూఢి చేసుకొన్నాడు. ముందే వేడెక్కించి ఉంచిన ఇంజను తన జబ్బులు దాచుకొంటుందట. బండి కిందికి దూరి అడుగు చట్రం మీద రాళ్లు గీరిన గుర్తులు, తుప్పు వెతికాడు. ఇరుసుల ఆయిల్ రెండు చుక్కలు వేలిమీద తీసుకొని చూశాడు. అది పాలు కలిసిన కాఫీలా ఉంటే లోపలికి నీళ్లు దిగినట్టు. అదృష్టవశాత్తు డికాషన్ లాగానే ఉంది. టైరు పక్కన ఉండే నాలుగంకెలు చదివాడు. మొదటి రెండూ తయారైన వారం, తరువాతి రెండూ సంవత్సరం. చివరికి బండిని పూర్తిగా ఆపి, న్యూట్రల్‌లో పెట్టి, నాలుగు చక్రాలకూ నెమ్మదైన ఏనుగుబలం ఇచ్చే మీట నొక్కాడు. "ఏడేళ్లలో ఆ మీట నేను ఒక్కసారి కూడా నొక్కలేదండీ" అన్నారు యజమాని సిగ్గుపడుతూ. పాపం, బీచ్ రోడ్డు మీద గెడ్డలెక్కడివి!

16 లక్షల 40 వేలకు బేరం కుదిరింది. బ్యాంకు అప్పు తీరినట్టు ఫారం 35, బదిలీకి ఫారాలు 29, 30 సంతకాలు చేయించుకొన్నాను. అమ్మినవారు 14 రోజుల్లోగా రవాణాశాఖకు తెలియజేయాలని చట్టం. ఆ పని నేనే దగ్గరుండి జరిపించాను.

ఇక అంకుశం. మొదటి మూడు నెలల్లో టైర్లకు 68 వేలు, అన్ని ఆయిళ్లకు, ఫిల్టర్లకు 46 వేలు, కుదుపులు తట్టే భాగాలకు 58 వేలు, బ్రేకులకు, బ్యాటరీకి 38 వేలు. వెరసి 2 లక్షల 10 వేలు. మిగిలిన మూడున్నర లక్షలను మా ఆవిడ బ్యాంకులో వేసి, పాస్‌బుక్కు మీద పెన్సిలుతో "అంకుశం" అని రాసి పెట్టింది. పాత విలాసపు బండి తన వయస్సుకు తగ్గ ధరకు దొరుకుతుంది గాని, దాని విడిభాగాలకు మాత్రం వయస్సు రాదు. 30 లక్షల బండికి ఏ ధరో ఆ ధరే.

2025 జూలైలో ఒకరాత్రి ఫోను వచ్చింది. మామగారికి ఛాతీ బరువుగా ఉందని. చోడవరం, మాడుగుల మీదుగా ఘాట్ ఎక్కి, పదకొండు గంటలకు గెడ్డ దగ్గర నిలిచాం. కొలత గుర్తులు వేసిన వెదురుకర్ర ఒకటి నేను ఎప్పుడూ బండిలో ఉంచుతాను. అది రెండున్నర అడుగులు చూపించింది. కంపెనీవారు ఈ బండి 800 మిల్లీమీటర్ల నీళ్లు దాటుతుందన్నారు. లెక్క ప్రకారం దాటవచ్చు. కాని ఆ లెక్క నిలిచిన నీటిది. పారే నీరు రెండడుగులుంటే పెద్ద బండ్లను సైతం ఎత్తుకుపోతుంది. గాలి పీల్చే దారిలోంచి ఇంజనులోకి నీళ్లు పోతే ఆ నష్టం మామూలు బీమా కట్టివ్వదు. దానికి వేరే రక్షణ కొనుక్కోవాలి. ప్రాణాలకు ఆ రక్షణ కూడా లేదు.

"ఇంత బండి కొని నిలబడిపోనారేటి బాబూ?" అన్నాడు గట్టుమీది ముసలాయన. మా ఆవిడ నా వంక చూసింది. అవతలి గట్టున ఆమె తండ్రి. నేను కర్ర చూపించాను. ఆమె ఏమీ అనకుండా వచ్చి నా పక్కన కూర్చుంది. డాక్టరుగారు ఫోనులో చెప్పిన మాత్రలు ఊళ్ళోవాళ్లు మామగారికి వేశారు. గంట గంటకూ దిగి కర్ర దించి చూశాను. మూడు గంటలకు నీరు అడుగున్నరకు తగ్గి, ఉరవడి చల్లారింది. అప్పుడా మీట నొక్కి, ఏనుగు నడకతో గెడ్డలోకి దిగాను. డోలీకి రెండు గంటలు పట్టిన దారి ఇరవై నిమిషాల్లో తరిగింది. వెనుక సీటు మీద కూతురి ఒళ్ళో తలపెట్టుకొని పడుకొన్న మామగారు, తారురోడ్డు ఎక్కాక కళ్ళు తెరిచి, "అమ్మా, గెడ్డ ఇంకా రాలేదా?" అని అడిగారు.

ఆ ఒక్క ప్రశ్నకు స్థలం మీద వచ్చిన సొమ్ము చెల్లిపోయింది. రెండు రోజులు ఆసుపత్రిలో ఉంచి, మందులు మార్చి పంపారు. పదోనాటికి ఆయన మళ్ళీ తన చెట్ల దగ్గరికి వెళ్లిపోయారు.

ఈ బండి లీటరుకు తొమ్మిది కిలోమీటర్లు ఇస్తుంది. మా వీధిలో మలుపు తిరగడానికి రెండుసార్లు వెనక్కు వెళ్లాలి. కాబట్టి కొనదలచినవారికి నేను చెప్పేది ఒకటే: ముందు మీ గెడ్డ ఎక్కడుందో చూసుకోండి, ఆ తరువాత అంకుశానికి డబ్బు పక్కన పెట్టుకోండి, ఏనుగు బేరం ఆ పైన. గెడ్డ లేనివారికి చిన్న కారే మహారాజభోగం.

ఆ గెడ్డమీద వంతెన పడిననాడు నేనీ బండిని అమ్మేస్తాను. కొనవచ్చినవారు, "ఆ మీట ఎప్పుడైనా నొక్కారా మాస్టారూ?" అని అడిగితే, నొక్కాననే చెబుతాను. ధర తగ్గిస్తే తగ్గించనివ్వండి.