మా విజయనగరం, మా వయొలిన్ పిల్ల

విజయనగరం వెళ్ళినవాళ్ళు కోట, గంటస్తంభం, పైడితల్లి గుడి చూసి వచ్చేస్తారు. ఈసారి వెళితే సంగీత కళాశాల కూడా చూసి రండి. చూపులేని ఒక కుర్రవాడికి సంగీతం నేర్పించాలని మహారాజావారు 1919లో దాన్ని పెట్టించారని మా ఊళ్ళో చెప్పుకుంటారు. ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి ప్రిన్సిపాల్. ద్వారం వెంకటస్వామినాయుడుగారు అక్కడే వయొలిన్ నేర్పారు. ఘంటసాలగారు మధూకరం ఎత్తుకుని చదువుకున్నదీ అక్కడే.

నాకు మాత్రం ఆ కాలేజీ అంటే నా స్నేహితురాలే గుర్తొస్తుంది. క్లాసు అయ్యాక వయొలిన్ పెట్టె పట్టుకుని తను నడిచొస్తుంటే, అరుగుల మీది అమ్మమ్మలు పిలిచి మరీ పలకరించేవారు. సంక్రాంతికి మా వీధి ఆడపిల్లలందర్నీ పోగేసి బొమ్మల కొలువుల దగ్గర పాడించేది. నేను వెనక్కి నక్కితే, "ఏటే, ఆ గొంతు దాచుకుని ఏం చేసుకుంటావ్?" అని చెయ్యి పట్టి లాగేది.

పెళ్ళయ్యాక తన వయొలిన్ అటకెక్కింది. పిల్లలు, వంట, పెద్దవాళ్ళ మందులూ మాకులూ... మనందరికీ తెలిసిందే కదా! ముప్ఫై ఐదు దాటాక తనే దాన్ని దింపి, కొత్త తీగలు వేయించి, పక్కింటి పిల్లలకి సరళీస్వరాలు మొదలుపెట్టింది. రెండేళ్ళ క్రితం జబ్బు చేసి పోయింది. ఆ పిల్లలు ఇప్పటికీ వాయిస్తున్నారు.

మీ ఇంట్లోనూ అటక మీద వీణో, హార్మోనియమో ఉందా? ఈ పండక్కి బూజు దులిపేటప్పుడు కిందికి దింపండి. మళ్ళీ పైకి మాత్రం పెట్టకండేం!